మొత్తం సరిపోయిన ఫ్లాపీ

1996 మే నెలలో నన్ను విజయనగరం నుంచి బిలాస్‌పూర్ శాఖకు బదిలీ చేశారు. అప్పటికి నేను బ్యాంకులో స్కేల్ టూ అధికారిని, అంటే శాఖలో మేనేజరు తరవాత మెట్టు. మావారు రైల్వే ఉద్యోగి. వాళ్ళ తాతగారి కాలం నుంచీ ఆ కుటుంబం బిలాస్‌పూర్‌లోనే ఉంది. అక్కడికి బదిలీ కావాలని నేను నాలుగేళ్ళు దరఖాస్తులు పెట్టాను. చివరికి ఇచ్చారంటే నా మీద దయ కలిగి కాదు. ఆ శాఖకి కంప్యూటర్లు వచ్చి ఎనిమిది నెలలైనా వాటిని ముట్టుకునే మనిషి లేడు. పదిహేను రోజుల శిక్షణ పూర్తి చేసినవాళ్ళ జాబితాలో నా పేరు కనిపించింది. అంతే, 'కంప్యూటర్ ఇన్‌ఛార్జి' అయిపోయాను.

శాఖ మొత్తానికి ఒకటే ఏసీ, అది కంప్యూటర్ గదిలో ఉండేది. అందుచేత మా మేనేజరు తివారీ గారు మధ్యాహ్న భోజనం ఆ గదిలోనే చేసేవారు. కంప్యూటర్లతో ఆయనకున్న పరిచయం అంతవరకే. నేను చేరిన రోజు చేసిన మొదటి పని, కీబోర్డు మీద ఎండిపోయిన పప్పు మరకలు తుడవడం.

ఆ మరుసటి ఏడాది ఒక బొగ్గు రవాణా కంపెనీ మా దగ్గరికి వచ్చింది. దాని పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. గనుల నుంచి రైల్వే సైడింగుకి, అంటే వ్యాగన్లు నింపే చోటికి, బొగ్గు తోలించడం దాని వ్యాపారం. సొంత లారీలు ఉండేవి కావు. ఒకటి నుంచి నాలుగైదు దాకా లారీలున్న చిన్న యజమానులు ఆరువందల మంది దానికి బళ్ళు తిప్పేవారు. పదిహేను రోజులకోసారి వాళ్ళకి కిరాయి అందాలి. ఆ పని గుప్తా అనే ఏజెంటు చేతిలో ఉండేది. కంపెనీ అతని పేర ఒక్క చెక్కు రాసిచ్చేది. అతను నగదు తీసి మా ఊళ్ళోనే లింగియాడీహ్‌లో ఒక గోదాములో బల్ల వేసుకుని పంచేవాడు. నూటికి రెండు రూపాయలు తన కింద పట్టుకునేవాడు. మామూలుగా రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చేవాడు, ఎందుకు ఆలస్యమని అడిగినవాడికి మూడు రోజులు.

ఏజెంటు లేకుండా బ్యాంకే నేరుగా లారీ యజమానుల ఖాతాల్లో వేస్తే కుదురుతుందా అని కంపెనీ అడిగింది. కుదురుతుందని నేనే రాతపూర్వకంగా చెప్పాను. ఆరువందల మందికీ మా శాఖలో ఖాతాలు తెరవాలి. ప్రతి పక్షానికీ కంపెనీ ఒక ఫ్లాపీ తెచ్చిస్తుంది. అందులో ఒక్కొక్కరికి ఒక వరుస, ఆ వరుసలో ఖాతా నంబరు, పేరు, మొత్తం ఉంటాయి. మా యంత్రం ఆ నంబరు చూసి ఆ మొత్తం జమ చేస్తుంది. గుమస్తాలు చేత్తో రాస్తే నాలుగు రోజులు పట్టే పని పది నిమిషాల్లో అయిపోతుంది.

ఇందులో ఒక చిక్కుంది. యంత్రం నంబరునే చూస్తుంది, పేరుని చూడదు. నంబరు తప్పైతే డబ్బు నిశ్శబ్దంగా ఇంకొకరికి వెళ్ళిపోతుంది. అందుకని నేను మూడు తనిఖీలు పెట్టాను. వరుసల సంఖ్య సరిపోవాలి. మొత్తం కంపెనీ చెక్కుతో సరిపోవాలి. మూడోది, ఫ్లాపీలోని పేరునీ మా పుస్తకాల్లో ఆ నంబరు మీదున్న పేరునీ పక్కపక్కన అచ్చుతీసి, ఇద్దరు కూర్చుని స్కేలు పెట్టి వరసగా చూడాలి. మొదటి రెండూ నిమిషంలో అయ్యేవి. మూడోదానికి మూడు గంటలు. ముందు నలభై మందితో ఒక పక్షం నడిపి చూశాం. ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ నలభై మందిలో గొర్లె అప్పలసూరి గారు ఒకరు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరై, వచ్చిన డబ్బుకి ఫైనాన్సు కంపెనీ అప్పు కలిపి ఒక లారీ కొన్నారు. లింగియాడీహ్‌లో ఇల్లు. మా మామగారి ఈడువారు కాబట్టి నేను బాబాయ్ గారూ అనేదాన్ని. మొదటి జమ పడ్డ రోజున పాస్‌బుక్కు మూడుసార్లు చూసుకుని, "గుప్తాగాడి కోత లేకుండా నా డబ్బు నేను సూడ్డం ఇదే మొదలమ్మా" అన్నారు.

ఇక ఆరువందల మందికీ ఒకేసారి ప్రారంభించాలి. మామూలు ఉద్యోగులైతే ఒక మంగళవారమో బుధవారమో మొదలుపెట్టేసేవారు. తివారీ గారికి అది చాల్లేదు. రాయపూర్ నుంచి మా ప్రాంతీయ మేనేజరుని ముఖ్య అతిథిగా పిలిచారు. పదకొండు గంటలకి ముహూర్తం. శాఖ గుమ్మానికి బంతిపూల తోరణం, కంప్యూటరుకి కుంకుమ బొట్టు. బొట్టు తెర మీద పెట్టారు, సరిగ్గా అంకెలు కనిపించేచోట.

ఫ్లాపీ ముందురోజు ఉదయమే ఇమ్మని నేను కంపెనీ ఫైనాన్సు మేనేజరు సక్సేనాకి రాశాను. అతను కార్యక్రమం రోజునే పదిన్నరకి తెచ్చాడు. వెండి పళ్ళెంలో, కొబ్బరికాయ పక్కన. దాంతోపాటు ముఖ్య అతిథికి బహూకరించడానికి ఆరువందల పేర్ల జాబితాని నున్నటి కాగితం మీద అచ్చువేయించి ఎర్ర రిబ్బను కట్టించాడు.

వరుసలు సరిపోయాయి. మొత్తం పైసలతో సహా సరిపోయింది. పేర్లు చూడ్డానికి మూడు గంటలు కావాలన్నాను. తివారీ గారు నన్ను పక్కకి పిలిచి, మొత్తం సరిపోయాక ఇంకా ఏం చూస్తారు మేడమ్ అన్నారు. పేర్లు అన్నాను. "అచ్ఛా, పేర్లు రేపు చూసుకోండి. పేర్లెక్కడికీ పారిపోవు" అని నవ్వారు. ఆ మాటకి సక్సేనా కూడా నవ్వాడు.

అప్పుడు నేను చెయ్యాల్సింది ఒకటే, ఆ ఆదేశం కాగితం మీద రాసిమ్మనడం. అడిగితే ఆయన రాసేవారు కాదు, కార్యక్రమం మధ్యాహ్నానికి వాయిదా పడేది. నేను అడగలేదు. హాల్లో యాభై మంది కుర్చీల్లో కూర్చుని ఉన్నారు, ఫోటోగ్రాఫరు గోడకి ఆనుకుని చూస్తున్నాడు. ముఖ్య అతిథి వేలు కీబోర్డు దగ్గరికి తెచ్చి ఏ మీట నొక్కాలో తెలియక ఆగిపోయారు. నేను వంగి ఎంటర్ నొక్కాను. చప్పట్లు కొట్టారు. తరవాత ఆయన ఇరవై నిమిషాలు ఇరవయ్యొకటో శతాబ్దం గురించి మాట్లాడారు. ఆ ఉపన్యాసం సగానికి వచ్చేసరికే మా యంత్రం ఒకరి డబ్బు ఇంకొకరికి పంచేసింది.

మర్నాడు బ్యాంకు తెరిచిన పావుగంటకి అప్పలసూరి గారు నా బల్ల దగ్గరికి వచ్చి పాస్‌బుక్కు తెరిచి పెట్టారు.

"ఏటమ్మా ఇది? నాకు రావలసింది పదకొండు వేల నాలుగొందలు. నలభై ఏడు వేలు ఏసినారు. నాకున్నది ఒక్క బండి. ఒక్క బండి ఇంత తోల్తే అది లారీయా, గూడ్సా?"

నేను ఇంకా అంకె చూస్తూ ఉండగానే మరో ఇద్దరు వచ్చారు, వాళ్ళకి తక్కువ పడింది. తరవాత పదిమంది. తక్కువ పడినవాళ్ళంతా కేకలేసుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చారు. ఎక్కువ పడినవాళ్ళు ఏమీ మాట్లాడకుండా క్యాష్ కౌంటరు దగ్గర వరసలో నిలబడ్డారు.

కారణం ఇరవై నిమిషాల్లో దొరికింది. ఫ్లాపీ తెరిచి చూస్తే పేర్లన్నీ అక్షర క్రమంలో ఉన్నాయి. ఖాతా నంబర్లు మాత్రం ఖాతాలు తెరిచిన క్రమంలోనే ఉన్నాయి. ముఖ్య అతిథికి ఇచ్చే జాబితా చూడ్డానికి హుందాగా ఉండాలని సక్సేనా పేర్లనీ మొత్తాలనీ కలిపి అక్షర క్రమంలోకి మార్చాడు. పక్కనున్న నంబర్ల వరసని కలపడం మరిచాడు. పేర్లూ డబ్బూ కదిలాయి, నంబర్లు కదల్లేదు. ఆరువందల మందిలో తన డబ్బు తనకి పడినవాళ్ళు నలుగురో ఐదుగురో ఉంటారు. పేర్ల తనిఖీ చేసి ఉంటే మొదటి వరుసలోనే తెలిసిపోయేది. మూడు గంటలు కాదు, మూడు నిమిషాలు చాలు.

నేను ఫోను చేస్తే సక్సేనా, కంపెనీ డేటా ఇచ్చింది, బ్యాంకు ప్రాసెస్ చేసింది, తప్పు ప్రాసెస్‌లో ఉండాలి అన్నాడు. ఆ రెండు ఇంగ్లీషు మాటలూ అతనికి ఆ వారమే వచ్చినట్టున్నాయి, వదలకుండా తిప్పి తిప్పి వాడాడు. తివారీ గారు ఇంకా నయం. అప్పలసూరి గారి పాస్‌బుక్కు చూసి, ఎక్కువే పడింది కదా, మీకొచ్చిన కష్టమేమిటి అని ఆయన్నే అడిగారు.

వెంటనే ఆ ఆరువందల ఖాతాల్లోంచి నగదు తియ్యకుండా ఆపాలని నేనన్నాను. ఆపితే రాయపూర్‌కి తెలుస్తుంది అన్నారు తివారీ గారు. ఆ వాదన నడుస్తుండగానే డెబ్భై మంది డబ్బు తీసుకుని వెళ్ళిపోయారు. పన్నెండు గంటలకి ఆయనకి రక్తపోటు పెరిగింది. సెలవు చీటీ రాసి, శాఖ బాధ్యత నాకు అప్పగిస్తున్నట్టు మరో కాగితం రాసి, బ్యాంకు జీపులో ఇంటికి వెళ్ళిపోయారు. రాయనే రాయరనుకున్న మనిషి ఆ పూట రెండు కాగితాలు రాశారు. ఆయన జీపు గేటు దాటకముందే నేను చెల్లింపులు ఆపేశాను.

అప్పలసూరి గారు బల్ల ముందే కూర్చుని ఉన్నారు. ఏం జరిగిందో ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నేను ముప్పై రెండేళ్ళు గార్డుగిరీ సేసినాను తల్లీ. ఎనకాల వేగన్లు అన్నీ సూసుకోకుండా ఒక్కనాడు పచ్చజెండా ఊపలేదు. స్టేషన్ మాస్టరు తిట్టినా ఊపలేదు. నువ్వేటి, సూడకుండా ఊపేసినావా?"

ఊపేశానన్నాను. ఆ తరవాత వారం రోజుల్లో నాకు మెమోలు వచ్చాయి, టెలిగ్రాములు వచ్చాయి. ఏవీ ఆ మాటంత గట్టిగా తగల్లేదు.

తప్పుగా పడిన జమని వెనక్కి తీసే అధికారం బ్యాంకుకి ఉంది. అయితే ఖాతాలో డబ్బుంటేనే. అలా ఉన్న ఐదువందల పైచిలుకు ఖాతాల్ని రెండు రోజుల్లో సరిచేశాం. డబ్బు తీసేసుకున్న డెబ్భై మందితోనే వచ్చింది చిక్కు. వాళ్ళు తిరిగిచ్చేదాకా ఆ డబ్బు అసలు సొంతదార్లకి వెయ్యడానికి లేదు. బ్యాంకు సొమ్ములోంచి ముందు ఇచ్చేద్దామంటే రాయపూర్ అనుమతి కావాలి. అడిగితే, సంఘటన పూర్వాపరాలు మూడు ప్రతుల్లో పంపండి అన్నారు.

అప్పలసూరి గారి పదకొండు వేల నాలుగొందలు ఊరి పక్కనున్న మోప్కాలో ఉండే ధన్‌రాజ్ అనే లారీ యజమాని ఖాతాలో పడ్డాయి. అతను మొదటి రోజే తీసేసుకున్నాడు. అటు అప్పలసూరి గారు ఫైనాన్సు కంపెనీకి శుక్రవారంలోగా తొమ్మిది వేల వాయిదా కట్టాలి. అంతకుముందు నెల ఒక వాయిదా తప్పింది. రెండోది తప్పితే లారీ ఎత్తుకుపోతారు. రిటైర్మెంటు డబ్బంతా ఆ లారీలోనే ఉంది. "ఆళ్ళు బండి తీసుకుపోతే నేను మళ్ళీ గార్డుగా ఎల్లాలా, అరవై రెండేళ్ళకి?" అన్నారు. నవ్వుతూ అనలేదు.

గురువారం మధ్యాహ్నం ఇద్దరం ఆటో మాట్లాడుకుని మోప్కా వెళ్ళాం. బ్యాంకు అధికారి ఖాతాదారుడి ఇంటికి వెళ్ళి బతిమాలాలని ఏ సర్క్యులర్‌లోనూ లేదు. మా బ్యాంకు సర్క్యులర్లలో ఏముందో అప్పటికి నాకు బాగా తెలుసు, వాటితో ఆ డెబ్భై మందిలో ఒక్కరి దగ్గర్నుంచి కూడా రూపాయి రాదు.

ధన్‌రాజ్ తన వాకిట్లో లారీకి జాకీ వేసి టైరు బిగిస్తున్నాడు. రెండు కొత్త టైర్లు. అప్పలసూరి గారు వాటిని చూసి, "అవే నా డబ్బులు" అన్నారు నాతో తెలుగులో. నేను ధన్‌రాజ్‌కి విషయం హిందీలో చెప్పాను. అతను చెయ్యి తుడుచుకుని లోపల్నుంచి ఒక కాగితం తెచ్చి చూపించాడు. ఏజెంటు గుప్తా మాకంటే ముందే వచ్చి వెళ్ళాడు. బ్యాంకు ద్వారా మాకు చెల్లింపులు వద్దు, పాత పద్ధతే కావాలి అని కంపెనీకి విజ్ఞప్తి. కింద నూట నలభై సంతకాలు, వేలిముద్రలు.

"పుస్తకంలో బ్యాంకే వేసింది. వేసింది తీసుకున్నాను. తప్పు నాదా?" అన్నాడు.

కాదన్నాను.

"కంప్యూటర్ తప్పు చేసిందని మీ సాబ్ చెప్పాడట. రేపు మళ్ళీ చేస్తుంది. గుప్తా కోసుకుంటాడు, కానీ మనిషిని చూసి ఇస్తాడు."

"కంప్యూటర్ చెయ్యలేదు. పేర్లు చూడాలని నియమం పెట్టింది నేనే. చూడకుండా మీట నొక్కింది కూడా నేనే" అన్నాను.

అతను అప్పలసూరి గారి వైపు తిరిగి, ఈవిడ నిజం చెబుతోందా అన్నట్టు చూశాడు. అప్పలసూరి గారు తన హిందీలో, "నాకూ అలాగే చెప్పింది. నేను తిట్టాను, పడింది" అన్నారు.

"ఎందుకు చూడలేదు?" అన్నాడు ధన్‌రాజ్.

"ఫోటో తీస్తున్నారు" అన్నాను.

అతను పెద్దగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నవ్వు అయ్యాక మంచం వాల్చి మమ్మల్ని కూర్చోమన్నాడు. తనకి న్యాయంగా రావలసింది ఎంతో అడిగాడు. తొమ్మిది వేల రెండువందలు. అది వేరే ఖాతాలో పడిందనీ, ఎవరూ తియ్యలేదనీ, నా దగ్గర భద్రంగా ఉందనీ చెప్పాను. ఆ తొమ్మిది వేల రెండువందలూ అప్పలసూరి గారికి వేసేయడానికి ఒప్పుకుంటూ సంతకం పెడితే శుక్రవారం వాయిదా గడిచిపోతుంది. మిగతా రెండు వేల రెండువందలు వచ్చే పక్షం ధన్‌రాజ్ కిరాయిలోంచి పట్టుకోవచ్చు. అతను లెక్క నోటితో రెండుసార్లు వేసుకున్నాడు. వచ్చేసారి పేర్లు చూస్తారా అని అడిగాడు. చూస్తానన్నాను. నే వచ్చి పక్కన కూర్చుంటాను అన్నాడు. రమ్మన్నాను. గ్రీజు చేత్తో సంతకం పెట్టాడు.

శుక్రవారం ఉదయం అప్పలసూరి గారు వాయిదా కట్టారు. లారీ నిలిచింది.

మిగతావాళ్ళ దగ్గరికీ అలాగే వెళ్ళాం. అప్పలసూరి గారు అడక్కుండానే వెంట వచ్చేవారు. ధన్‌రాజ్ కొంతమందిని తనే తీసుకొచ్చాడు. ప్రతి వాకిట్లోనూ ముందు నేను చేసిన పని చెప్పేదాన్ని, తరవాతే కాగితం తీసేదాన్ని. తొమ్మిది రోజుల్లో అరవై ఏడుగురు సంతకాలు పెట్టారు. ముగ్గురు పెట్టలేదు. ఆ ముగ్గురు తిరిగివ్వాల్సిన డబ్బుని కంపెనీ తరవాతి కిరాయిల్లో సర్దుకుంది. అరవై ఏడో సంతకం అయిన వారానికి, బ్యాంకు సొమ్ము ముందు వాడుకోవచ్చునని రాయపూర్ నుంచి అనుమతి వచ్చింది. దాన్ని ఫైల్లో పెట్టించాను.

విచారణ జరిగింది. తివారీ గారు సాఫ్ట్‌వేర్ లోపం అని రాసిచ్చారు. సాఫ్ట్‌వేర్ ఎదురు చెప్పలేదు. నాలుగు నెలలకి ఆయన పదోన్నతి మీద వేరే ఊరు వెళ్ళారు. పెద్ద శాఖ, గదికో ఏసీ. సక్సేనాకి కంపెనీ కొత్త కంప్యూటరు కొనిచ్చింది. నిర్దేశించిన తనిఖీ చెయ్యనందుకు నా సర్వీసు పుస్తకంలో అభిశంసన రాశారు. తనిఖీ ఆపించిందెవరో విచారణాధికారి అడిగారు. చెప్పాను. కాగితం ఉందా అన్నారు. లేదన్నాను. పై అధికారులకి అప్పీలు చేసుకోమని యూనియన్ వాళ్ళన్నారు. చేసుకోలేదు. అభిశంసనలో రాసిన వాక్యం సరైనదే. అలాంటిదే రాయాల్సిన పుస్తకాలు ఇంకో రెండున్నాయి, వాటి జోలికి ఎవరూ వెళ్ళలేదు, అంతే.

కంపెనీ గుప్తా దగ్గరికి తిరిగి వెళ్ళలేదు. మా దగ్గర సంతకాలు పెట్టినవాళ్ళలో సగం మంది అంతకుముందు అతని కాగితం మీద పెట్టినవాళ్ళే. తరవాతి పక్షం ఫ్లాపీ ముందురోజే వచ్చింది. ధన్‌రాజ్ అన్న మాట ప్రకారం వచ్చి గంటసేపు కూర్చుని, విసుగేసి, మీరే చూసుకోండని లేచిపోయాడు. మేం మూడు గంటలూ చూశాం. రెండు పేర్లు తేడా వచ్చాయి.

నేను బిలాస్‌పూర్‌లో మరో మూడేళ్ళున్నాను. తివారీ గారి తరవాత వచ్చిన మేనేజరు ఓసారి దీపావళి ముందు, ఇవాళ పేర్లు వదిలేద్దాం మేడమ్, మొత్తం సరిపోయింది కదా అన్నారు. నేను కుర్చీలోంచి లేచి, నా పాస్‌వర్డు తీసేసి, మీ పాస్‌వర్డుతో మీరే నొక్కండి సార్ అన్నాను. ఆయన కుర్చీ దాకా వచ్చారు. తెర వైపు కాసేపు చూశారు. తరవాత తను కూడా ఒక స్కేలు తెప్పించుకుని నా పక్కన కూర్చున్నారు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అడిగితే నేను చెప్పేది ఇదే. మొత్తం సరిపోవడమంటే డబ్బు ఎక్కడికీ పోలేదని మాత్రమే, ఎవరిది వాళ్ళకి చేరిందని కాదు. తనిఖీ ఆపమన్నవాళ్ళని కాగితం అడగండి. ఇవ్వకపోతే నొక్కకండి. నొక్కితే, విచారణ దాకా ఆగకుండా, నష్టపోయినవాడి ఇంటికి ఆ రోజే వెళ్ళి, నొక్కింది మీరేనని చెప్పండి.